కొలత కాలేజీ నేర్పింది, రేటు మీ నాన్నను అడుగు

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. మహబూబ్‌నగర్‌లో సివిల్ డిప్లొమా పూర్తి చేశాను. నాన్న చాలా ఏళ్లు హైదరాబాద్‌లో సెంట్రింగ్ మేస్త్రి. మోకాళ్ల నొప్పులొచ్చాక ఊరికొచ్చి చిన్న చిన్న గుత్తలు చేసుకుంటున్నాడు. నాకు డ్రాయింగ్ ముందేసుకుని లెక్కలు తీయడమంటే ఇష్టం, ఎస్టిమేషన్‌లోనే స్థిరపడాలని ఉంది. కానీ ఎక్కడ అడిగినా సైట్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అంటున్నారు. ఆడపిల్లకు సైటు పనేంటని అమ్మ, సాఫ్ట్‌వేర్‌కు మారిపొమ్మని మామయ్య. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు క్వాంటిటీ సర్వేయింగ్ (పని కొలతలు, ఖర్చు లెక్కలు తీయడం) కోర్సు మూడు నెలలు, ఫీజు 65 వేలు, గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. వడ్డీకి తెచ్చి కట్టమంటారా? అసలు ఈ పనిలోకి ఎట్లా అడుగుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: వడ్డీకి తేవద్దమ్మా. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు పని సంగతి మాట్లాడుకుందాం.

నీ ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన విషయం ఒకటుంది, నాన్న సెంట్రింగ్ మేస్త్రి అని. ఎస్టిమేషన్‌కు కొత్తగా వచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేయాల్సి వస్తే నేను ఎక్సెల్ వచ్చా, ఆటోక్యాడ్ వచ్చా అని మొదలుపెట్టను. 'వంద చదరపు అడుగుల గిలాబుకు (ప్లాస్టరింగుకు) ఒక మేస్త్రి, ఒక కూలి ఎంతసేపు చేస్తారు?' అని అడుగుతాను. మంచి మార్కులతో పాసైన పిల్లలు కూడా చాలామంది దిక్కులు చూస్తారు. నువ్వు చూడనక్కర్లేదు. రాత్రి అన్నం తినేటప్పుడు నాన్నను అడిగితే ఏ ఇసుకకు ఎంత, గోడకెంత, స్లాబు కింద పైకి చూస్తూ కొట్టాలంటే ఎంత అని తేడాలతో సహా చెప్తాడు.

ఎస్టిమేట్ అంటే రెండే రెండు. పని ఎంత ఉంది, ఆ పనికి రేటెంత. మొదటిది నీకు కాలేజీలో చెప్పారు. లాంగ్ వాల్, షార్ట్ వాల్, సెంటర్ లైన్ పద్ధతులన్నీ అందుకే. రెండోది సిలబస్‌లో నాలుగు పేజీలు ఉంటుంది, బతుకంతా దాంతోనే పడాలి.

కొలత సులువని కాదు. దానికీ ఒక ధర్మశాస్త్రం ఉంది, కట్టడం పనులు ఎట్లా కొలవాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 1200. ఇంటర్వ్యూకు పోయేముందు అందులో మట్టి పని, కాంక్రీటు, ఇటుక కట్టుబడి, గిలాబు భాగాలైనా చదువు. గిలాబు సంగతే చూడు. అర చదరపు మీటరు లోపు ఖాళీ ఉంటే తీసెయ్యరు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఉన్న దర్వాజలకు, కిటికీలకు ఒక్క వైపే తీసేస్తారు. రెండో వైపు తీయకుండా వదిలేది, ఆ ఖాళీ చుట్టూ లోపలి అంచులకు చేసే గిలాబుకు బదులన్నమాట. మూడు చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తీసేసి, అంచుల్ని విడిగా కొలిచి కలుపుతారు. నాలుగడుగుల చదరపు కిటికీ 1.49 చదరపు మీటర్లు, కాబట్టి ఒక వైపే పోతుంది. బాత్రూం వెంటిలేటరు లెక్కలోకే రాదు. ముందు గదిలో దుకాణానికి పదికి ఎనిమిదడుగుల షట్టరు పెడితే అది 7.4 చదరపు మీటర్లు, రెండు వైపులా పోతుంది.

ఇప్పుడు ఇదే విషయం మీ నాన్నను అడుగు. గుత్త పనిలో చాలాచోట్ల కిటికీలు, దర్వాజలు తీసెయ్యరు, గోడ మొత్తం కొలిచి డబ్బులిస్తారు. 'ఖాళీ జాగకు పైసలెందుకు?' అని ఇంటామె అడిగితే, 'అంచులు గీసే సరికి చేతులు పోతయమ్మా, గోడకన్నా దానికే ఎక్కువ పడ్తది' అంటాడు మేస్త్రి. అందులో న్యాయం ఉంది, పుస్తకమే సగం ఒప్పుకుంది కదా. కానీ ఎస్టిమేటరుకు ఇందులో ఇంకో సంగతి కనపడాలి. కంపెనీ తన బిల్లు ఐఎస్ 1200 ప్రకారం పెట్టుకుంటుంది, మేస్త్రికి మాత్రం గుత్త పద్ధతిలో కొలిచి ఇస్తుంది. ఈ రెండు కొలతల మధ్య తేడాను టెండరు రేటులో ముందే పెట్టుకోకపోతే, కాగితం మీద లాభంలో ఉన్న పని సైటులో నష్టంలోకి పోతుంది. ఇలాంటివి ఏ కోర్సులోనూ చెప్పరు. చెప్పేవాడికి తెలిసుండాలి కదా!

సలాక కూడా అంతే. వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది, 8 ఎంఎంకు 0.395, 12 ఎంఎంకు 0.889. ఇది నీకు నిద్రలో లేపినా వస్తుంది. ఇరవై అడుగుల గది స్లాబుకు రెండు చివర్లా వంపులతో కలిపి 6.3 మీటర్ల ముక్కలు కావాలనుకుందాం. సలాక 12 మీటర్లది వస్తుంది. రెండు ముక్కలు రావు, ఒక్కటే వస్తుంది. 5.7 మీటర్లు మిగులుతుంది. నువ్వు డ్రాయింగ్ చూసి తీసిన బరువులో తప్పు లేదు, కానీ దుకాణంలో కొనాల్సిన బరువు అది కాదు. మిగిలిన ముక్క సన్‌షేడ్‌లో పడుతుందా, రింగులకు పనికొస్తుందా, పక్క చిన్న గదికి సరిపోతుందా అని ముందే చూసి కటింగ్ లిస్టు రాసేవాళ్లకే బార్ బెండింగ్ షెడ్యూల్ (సలాక ముక్కల పట్టిక) వచ్చినట్టు. మిగతావాళ్లు 'వేస్టేజీ ఇంత శాతం' అని ఒక అంకె వేసి చేతులు దులుపుకుంటారు.

ఇక రేటు. మన రాష్ట్రంలో ప్రభుత్వ పనులకు ఎస్‌ఎస్‌ఆర్ అనే రేట్ల పుస్తకం ఉంటుంది, దాంతోపాటు ఆ రేట్లు ఎట్లా వచ్చాయో చూపే స్టాండర్డ్ డేటా. కేంద్రం పనులకు కేంద్ర ప్రజాపనుల శాఖ సీపీడబ్ల్యూడీ వాళ్ల రేట్ల పుస్తకం డీఎస్‌ఆర్, దాని వెనక ఆ రేట్ల విశ్లేషణ డీఏఆర్. చాలామంది రేట్ల పుస్తకం ఒక్కటే డౌన్‌లోడ్ చేసుకుని, ఐటెమ్ వెతికి, అంకె ఎత్తి రాస్తారు. నువ్వు డీఏఆర్ తెరువు, సీపీడబ్ల్యూడీ వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది. ఒక్కో ఐటెమ్‌ను విప్పి, ఎంత సిమెంటు, ఎంత ఇసుక, మేస్త్రి ఎంత పొద్దు, కూలి ఎంత పొద్దు, దానిమీద కాంట్రాక్టరు లాభం, ఓవర్‌హెడ్స్ కలిపి 15 శాతం అని వరసగా చూపిస్తుంది. అక్కడ రాసిన కూలి పొద్దులు, మీ నాన్న చెప్పే పొద్దులు పక్కపక్కన రాసుకో. రెండూ కలవని చోట ఎవరిది నిజమో తేల్చుకోవడానికి ప్రయత్నించు. ఎప్పుడూ నాన్నదే అవుతుందని అనుకోకు. సెంట్రింగ్‌లో ఆయనను మించినవాళ్లు లేకపోవచ్చు, కరెంటు పనిలోనో, వాటర్‌ప్రూఫింగ్‌లోనో ఆయన చెప్పేది విన్న మాటే కావచ్చు.

రేటు ఊరితోపాటు మారుతుంది. మట్టంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల పక్కన కట్టే ఇల్లూ, మీ పైన అమ్రాబాద్ గుట్ట ఎక్కించి కట్టే ఇల్లూ ఒకే డ్రాయింగే కావచ్చు, ఒకే ఎస్టిమేట్ మాత్రం కాదు. దీన్నే ప్రభుత్వ ఎస్టిమేట్లలో లీడ్ అంటారు. కంకర ఏ క్వారీ నుంచి, ఇసుక ఏ రీచ్ నుంచి, ఎన్ని కిలోమీటర్లు అని లీడ్ చార్టు వేసి రేటుకు కలపాలి. మంచి ఇసుక దొరకనిచోట రాయి పొడి చేసిన రోబో సాండ్ రేటు కనుక్కోవాలి. ఎండాకాలం బోర్లు ఎండితే క్యూరింగ్‌కు ట్యాంకరు నీళ్లు కొనాలి, అది ఎవరూ రాయరు. అన్నిటికన్నా మోసం చేసేది పునాది. డ్రాయింగులో అయిదడుగుల గుంత అని ఒకటే బొమ్మ ఉంటుంది. ఆలంపూర్ వైపు నల్లరేగడిలో ఆ అయిదడుగులు చాలకపోవచ్చు. మీ వైపు మూడో అడుగులోనే బండ తగలొచ్చు. మామూలు మట్టి, గట్టి మొరం, మెత్తరాయి, పేల్చాల్సిన బండ, వీటికి వేరువేరు రేట్లు. జేసీబీ బకెట్టుతో పోయే పనికీ, బ్రేకరు పెట్టి గంటలకొద్దీ కొట్టాల్సిన పనికీ పొంతన ఉండదు. అందుకే స్థలం చూడకుండా పునాది రేటు రాయకు. చూడటానికి వీల్లేకపోతే పక్కింటి బావి తవ్వినవాళ్లను అడుగు. ఇది కూడా ఎస్టిమేషనే.

పన్నులను కూడా చిన్నచూపు చూడొద్దు. ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 2022 జులైలో 12 నుంచి 18 శాతానికి పెరిగింది. సిమెంటు మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 28 కాస్తా 18 అయ్యింది. భవన నిర్మాణ కార్మికుల సెస్సు ఒక శాతం ఉంటుంది, 1996 చట్టం నాటి నుంచీ. పాత ఎక్సెల్ షీటు ఎవరిదో తెచ్చుకుని, పేర్లు మార్చి వాడేవాళ్లు ముందు దెబ్బతినేది ఇక్కడే.

చదవడం సరే, చేతికి పని ఎట్లా రావాలంటావా? మీ మండలంలో ఇందిరమ్మ ఇళ్లు కడుతూ ఉంటారు. సర్కారు ఇచ్చేది అయిదు లక్షలు, అది కూడా దశలవారీగా. విస్తీర్ణం 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. అంటే చిన్న ఇల్లు, పునాది నుంచి రంగు దాకా నీ కళ్లముందు అయిపోయే పని. ఇంకా ముగ్గు పొయ్యని ఇల్లు ఒకటి చూసుకో. ప్లాను అడిగి తీసుకుని, పని మొదలుకాకముందే మొత్తం ఎస్టిమేట్ వేసి తేదీ రాసి పెట్టు. ఉదాహరణకు, 400 అడుగుల స్లాబు అయిదంగుళాలు పోస్తే దాదాపు 4.7 ఘనపు మీటర్లు. సిమెంటు ఒకటికి ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లలో ఘనపు మీటరుకు ఎనిమిది సంచుల సిమెంటు, అంటే 38 సంచుల దాకా. ఇది నీ లెక్క. స్లాబు పోసే రోజు పొద్దున్నే పోయి ఖాళీ సంచులు లెక్కపెట్టు. ఎక్కువ పడ్డాయనుకో, ఎందుకని చూడు. సెంట్రింగ్ కిందికి జారిందా, మందం ఎక్కువ పోశారా, మిల్లరు దగ్గర కొలత పెట్టెలు లేకుండా తట్టలతో వేశారా? తక్కువ పడితే అది ఇంకా పెద్ద విషయం, కానీ అది ఇంటాయనకు మెల్లగా చెప్పాలి! ఇసుక ట్రిప్పులు, సలాక బిల్లు, కూలీల లెక్క ఇంటివాళ్ల నోటుపుస్తకంలో ఉంటాయి. అడిగితే సంతోషంగా చూపిస్తారు, తమ ఖర్చు ఎవరన్నా పద్ధతిగా రాసిపెడతానంటే వద్దనేవాళ్లు ఉండరు. ఇల్లు పూర్తయ్యాక నీ ఎస్టిమేటూ, అసలు ఖర్చూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి ఐటెమ్‌కూ ఎందుకో ఒక వాక్యం రాయి. ఆ కాగితాలు పట్టుకుని ఇంటర్వ్యూకు పో. నేనైతే ఆ కాగితాలు చూశాక సర్టిఫికెట్లు అడగను.

సైటు సంగతి. అడిగినవాళ్లు తప్పుగా అడగలేదు, సైటు చూడకుండా ఎస్టిమేషన్‌కు రావొద్దు. కానీ సైటంటే ఎండలో నిలబడి కూలీలను అదిలించడమే కాదు. బిల్లింగ్ ఇంజినీర్ అని ఒక ఉద్యోగం ఉంటుంది. పొద్దున సైటులో టేపు పట్టి కొలవడం, సాయంత్రం ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కించి, పని నడుస్తుండగా పెట్టే ఆర్‌ఏ బిల్లు తయారుచేయడం, మేస్త్రీల బిల్లులు సరిచూడటం. ఎస్టిమేషన్‌కు ఇంతకన్నా దగ్గరి దారి లేదు. అయిపోయిన పనిని రోజూ కొలిచిన కళ్లకు, మొదలుకాని పని డ్రాయింగులో కనపడుతుంది. రెండేళ్లు చాలు. మీ అమ్మకు ఉన్న భయం ఊరికే కొట్టిపారేసేది కాదు. ఆడవాళ్లకు బాత్రూం కూడా లేని సైట్లు ఇప్పటికీ ఉన్నాయి. చేరేముందు సిగ్గుపడకుండా అడుగు, ఆఫీసు షెడ్డు ఉందా, బాత్రూం ఉందా, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, ఇంకెవరన్నా ఆడవాళ్లు పనిచేస్తున్నారా అని. వీటికి సరిగ్గా జవాబు చెప్పని చోట జీతం కూడా సరిగ్గా ఇవ్వరు. మొదటి ఉద్యోగం మహబూబ్‌నగర్‌లోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉండే కాంట్రాక్టరు ఆఫీసులో అయినా పరవాలేదు. రోడ్లు, స్కూలు గదులు, కాలువ పనులకు టెండర్లు వేసే ఆఫీసయితే మరీ మంచిది. బీఓక్యూ (పనుల, పరిమాణాల పట్టిక) చదవడం, ఈఎండీ (టెండరుతో కట్టే డిపాజిట్టు), లెస్‌కు, అంటే అంచనా రేటుకన్నా తక్కువకు ఎంతదాకా పోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది అక్కడ వినపడుతుంది. జీతం తక్కువే ఉంటుంది, కానీ హైదరాబాద్‌లో రూం కిరాయి తప్పుతుంది.

తర్వాత దారులు చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లో బిల్డర్ల దగ్గర, ఆర్కిటెక్టుల దగ్గర టెండరింగ్ విభాగాలున్నాయి. అమెరికా కంపెనీలకు ఇక్కడ కూర్చుని టేకాఫ్ (డ్రాయింగ్ నుంచి కొలతలు) తీసిపెట్టే ఆఫీసులు కూడా ఉన్నాయి. అక్కడ అడుగులు, అంగుళాలు, ఐటెములన్నీ మాస్టర్‌ఫార్మాట్ అనే అక్కడి వర్గీకరణ డివిజన్ల కింద, బ్లూబీమ్, ప్లాన్‌స్విఫ్ట్ లాంటి సాఫ్ట్‌వేర్ల మీద పని. ఏసీ గది, వేళాపాళా కొంచెం అటూఇటూ. మామయ్యకు అది సాఫ్ట్‌వేర్ లాగే కనపడుతుంది, చెప్పి చూడు. ఒక్క మాట. నేరుగా అందులోనే చేరితే స్క్రీను మీద గీతలు కొలవడం బ్రహ్మాండంగా వస్తుంది, రేటు మాత్రం ఎప్పటికీ రాదు. రేటు రాయడం అమెరికాలో ఉన్నవాడి పని. అందుకే ముందు బిల్లింగ్ అంటున్నాను.

బీటెక్ ఆలోచన మాత్రం పూర్తిగా వదిలెయ్యకు. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే నేరుగా రెండో ఏడులో చేరొచ్చు, సివిల్‌లోనే. సర్కారీ కొలువు మీద ఆశ ఉంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) పోస్టుకు డిప్లొమా సరిపోతుంది, ఏఈఈకి (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు) డిగ్రీ కావాలి. ఆ ఇంజినీర్లు చేసేదీ ఇదే పని, కాకపోతే వాళ్లు ఎస్టిమేట్ వేస్తారు, నువ్వు దానికి టెండరు వేస్తావు.

దేశంలో డ్యాము ఎక్కడ కట్టినా, కాలువ ఎక్కడ తవ్వినా పాలమూరు లేబరు ఉండేవారని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ పనుల ఎస్టిమేట్లు రాసిన గదుల్లో పాలమూరోళ్లు ఎందరున్నారో ఎవరూ చెప్పుకోరు. నువ్వు ఆ గదిలోకి పోవాలని అడుగుతున్నావు కాబట్టి ఇంత పొడుగు జవాబు రాశాను.

ఇక ఆ 65 వేలు. గల్ఫ్‌లో క్వాంటిటీ సర్వేయర్లకు ఉద్యోగాలు ఉన్న మాట నిజం. కానీ వాళ్లు అడిగేది అనుభవం. కొలత పుస్తకం కూడా వేరే, అంతర్జాతీయ కొలత సూత్రాలు పోమి అనో, బ్రిటిష్ వాళ్ల ఎన్‌ఆర్‌ఎం అనో ఉంటుంది, ఒప్పందాలు ఎక్కువగా ఫిడిక్ అనే అంతర్జాతీయ నమూనా పద్ధతిలో నడుస్తాయి. ఇవి నేర్చుకోవాల్సినవే, అయితే సైటులో రెండేళ్లు బిల్లులు పెట్టాక నేర్చుకుంటే మూడు నెలలు కూడా పట్టదు. ఇప్పుడే నేర్చుకుంటే ఆ పేర్లు తప్ప ఏమీ మిగలదు. మూడు నెలల కోర్సు చూపించి ఫ్రెషరుకు గల్ఫ్ ఉద్యోగం గ్యారంటీ అనడం అరచేతిలో వైకుంఠం చూపించడమే. కావాలంటే పరీక్ష పెట్టు. 'గ్యారంటీ అన్న మాట రాసి, సంతకం పెట్టి ఇవ్వండి, ఉద్యోగం రాకపోతే ఫీజు ఎన్ని రోజుల్లో వాపసు ఇస్తారో కూడా రాయండి' అని అడుగు. పోయినేడు చేరినవాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు వాళ్లు ఇచ్చేవి కాకుండా నువ్వే వెతికి మాట్లాడు. విదేశాలకు పంపే ఏజెంటు ఎవరైనా విదేశాంగ శాఖ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉండాలి, అక్కడ పేరు లేకపోతే ఆ సంభాషణ అక్కడితో ఆపెయ్యి. విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ అని రాష్ట్ర ప్రభుత్వానిదే సంస్థ ఉంది, రెండేళ్ల తర్వాత నిజంగా పోవాలనుకుంటే ముందు వాళ్లను అడుగు. సీటు పోతుందని చెప్పి ఇప్పటికే అడ్వాన్సు కట్టించుకుని ఉంటే రసీదు జాగ్రత్తగా పెట్టుకో, వాపసు కావాలని మాటతో కాకుండా మెయిల్‌లో రాసి అడుగు. ఇంట్లో కంప్యూటరు లేకపోతే, అప్పు తప్పదనుకుంటే, ఎక్సెల్, ఆటోక్యాడ్ నడిచే సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒక్కదానికే చెయ్యి.